నవ్వని మేనకోడలు

"నేను పోను! అమ్మమ్మోళ్ళింటికి నేను పోనంటే పోను!"

సర్దిపెట్టిన సంచిని అర్చన ఎత్తి విసిరేసింది. లంగాలు, ఓణీలు, తొమ్మిదో తరగతి పుస్తకాలు వాకిలంతా చెల్లాచెదురుగా పడ్డాయి! అప్పుడే పల్లిచేను నుంచి వచ్చి కాళ్ళమీద నీళ్ళు పోసుకుంటున్న జమ్ములమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. తన కూతురేనా ఇది? కూరలో ఉప్పు లేకపోయినా నోరెత్తకుండా తినే పిల్ల ఇవాళ ఇలా అరుస్తోందేమిటి! జమ్ములమ్మ ముందు పక్కింటి గోడ వైపు చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. మనమంతా అంతే కదమ్మా... ఇంట్లో నిప్పంటుకున్నా, పొగ పక్కింటికి కనిపించిందా లేదా అనే ముందు చూస్తాం!

"ఏందే, ఏమైందే నీకు? రేపు మీ అమ్మమ్మ, మామ నా ఒడి నింపుతందుకు ఒడిబియ్యం తీస్కొని వస్తుండ్రు. అదైనంక నిన్ను ఆత్మకూరు తోల్కపోతరని ఎన్నడో అనుకున్నం. ఇప్పుడు పోనంటే ఎట్లనే?"

"నువ్వు పూనాకు పోకమ్మా. పోతె నన్ను గూడ తోల్కపో."

"ఆడ రేకుల గుడిసెలల్ల పడుంటం బిడ్డా! నీ సదువేం గావాలె?"

పాలమూరు పల్లెల్లో ఇదేమీ కొత్త కాదు. పంట ఇంటికి చేరగానే ఆలుమగలు పూనాకో, బొంబాయికో కట్టడం పనులకు పోతారు. పిల్లల్ని తల్లిగారింట్లో దింపిపోతారు. పెద్దమందడి పక్కనున్న ఆ ఊళ్ళో అలా పోని గడప లేదు. జమ్ములమ్మ భర్త దశరథం దసరా వెళ్ళగానే పూనా పోయాడు. నడుము పట్టేసిందట, వండిపెట్టే దిక్కు లేదట, పల్లికాయ తెంపడం కాగానే నువ్వు కూడా రమ్మని మేస్త్రీ ఫోను నుంచి కబురు పెట్టాడు. మరి ఎదిగిన పిల్లను ఎక్కడ వదలాలి? ఆ ప్రశ్నే ఎవరికీ రాలేదు! మేనమామ ఇల్లుండగా ఇంకో చోటు ఎందుకు? జమ్ములమ్మ తమ్ముడు నరేందర్‌కు ఆత్మకూరు బస్టాండు పక్కన పురుగుమందుల దుకాణం. తండ్రి పోయాక ఇంటికి పెద్దదిక్కు. ఇంకా పెళ్ళి కాలేదు. అక్క పిలవకముందే బండేసుకొని వాలిపోతాడు. అలాంటి తమ్ముడున్నందుకు ఊళ్ళో ఆడవాళ్ళంతా జమ్ములమ్మను చూసి కుళ్ళుకునేవారు.

అర్చన నేల చూపులు చూస్తూ అంది. "మామ మంచోడు కాదమ్మా..."

"ఏమంటివే?"

"నాతోని గట్ల... నాకు నచ్చదు. వద్దంటె ఇంకా నవ్వుతడు. మొన్న దసరాకు పోయినప్పుడు, మీరంత గుడికాడికి పోయిండ్రు గదా... నేను ఇంట్ల ఒక్కదాన్నే ఉంటి..."

మిగిలిన మాట బయటకు రాకముందే జమ్ములమ్మ చెయ్యి ఫెళ్ళున పిల్ల చెంప మీద పడింది!

"నోర్మూయ్! మేనమామ సరసమాడకపోతే ఎవలాడతరే? నువ్వు పెద్దమనిషైన నాడు చీర వెట్టినోడు! నీ కోసం పానమిచ్చేటోడు! గీ మాట మీ అమ్మమ్మ ఇంటె నా మొకాన ఉమ్మదా?"

ఈ సరసం సంగతి కొంచెం చెప్పాలి. అర్చనకు మాటలు వస్తున్న రోజుల నుంచే ఆ ఇంట్లో అదొక ఆట. మామ రాగానే అందరూ చుట్టూ చేరి "మామను చేసుకుంటవా?" అని అడగడం, పిల్ల తలూపడం, చేతికి ఓ బిస్కెట్టు అందడం, అంతా పగలబడి నవ్వడం! తలూపనంటే "సిగ్గువడుతుంది" అని ఇంకా నవ్వడం! పిల్ల పెరిగింది... ఆట మాత్రం అలాగే ఉంది. జడ పట్టి లాగితే సరసం, దారికి అడ్డం నిలబడితే సరసం, చెయ్యి పట్టి వదలకపోతే సరసం. పిల్ల నవ్వకపోతే "నవ్వవే, మామనే గదా" అని మందలించేది ఎవరనుకున్నారు? కన్నతల్లే!

చెంప పట్టుకొని అర్చన ఏడవలేదు. అదే జమ్ములమ్మకు వింతగా అనిపించింది.

"బళ్ళె గీత టీచర్ చెప్పింది... ఇంట్ల చెప్పమని, నమ్మకపోతె నమ్మేదాక చెప్పమని..."

"ఓహో! ఆ టీచరమ్మ నేర్పిందా? రేపు బడికి టీసీ కొరకు ఎట్లయిన పోవాలె. అడుగుత ఆమెను, పిల్లలకు లెక్కలు నేర్పుతుందా, ఇండ్లు కూలగొట్టుడు నేర్పుతుందా అని!"

అన్నదే గానీ, ఆ సాయంత్రం జొన్నరొట్టె తడుతున్నంతసేపూ జమ్ములమ్మ మనసు మనసులో లేదు. ఏవేవో గుర్తుకొస్తున్నాయి. సెలవు రోజు ఇంట్లో చదువుకోవే అంటే, ఎండలో తన వెంట చేనుకు వచ్చింది. మోటారుసైకిలు చప్పుడు వినబడితే చాలు, పక్కింటి యాదమ్మ దగ్గరకు మజ్జిగ కోసమని మాయమయ్యేది. ఇంట్లో ఉన్నా ఓణీకి వరసగా పిన్నీసులు... బద్ధకం అనుకుంది, సిగ్గు అనుకుంది, వయసు అనుకుంది. ప్రతిదానికీ ఒక పేరు పెట్టి పక్కన పెట్టేసింది. ఇప్పుడవన్నీ కలిసి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. 'ఛీ! నా తమ్ముడు గట్లాంటోడు కాదు...' అని తనకు తానే చెప్పుకుంది. రొట్టె మాడిపోయింది.

*

మరునాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకొని బడికి వెళ్ళింది. ఒడిబియ్యం మధ్యాహ్నానికి గానీ కాదు. హెడ్మాస్టరు ఇంకా రాలేదన్నారు. తొమ్మిదో తరగతి గది ముందు గీత టీచర్ ఎదురైంది. వనపర్తి నుంచి రోజూ బస్సులో వచ్చే సన్నటి మనిషి. పెద్ద గొంతేమీ లేదు. జమ్ములమ్మ నోరు తెరిచేలోగానే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వచ్చినవా అక్కా, మంచిగైంది. జర సేపు లోపట కూసో. ఈ క్లాసు అయిపోయినంక నువ్వేమన్నా పడుత."

కొట్లాడటానికి వచ్చిన మనిషి వెనక బల్ల మీద ఎలా కూర్చుండిపోయిందో జమ్ములమ్మకే తెలియలేదు. గదిలో అందరూ ఆడపిల్లలే. మగపిల్లల్ని సారు మైదానంలోకి తీసుకుపోయాడట, వాళ్ళకు చెప్పాల్సింది అక్కడ చెప్తున్నాడట.

"బస్సుల నిలవడ్డవు. వెనకున్నోడు కావాలనే మీదికి ఒరుగుతుండు. ఏం చేస్తవు?" టీచర్ అడిగింది.

"జరుగు అంట టీచర్!"

"గట్ల గొణిగితె వానికి ఇనవడ్తదా? అందరికి ఇనవడెటట్టు అను!"

"వద్దు! జరుగు!" పిల్లలంతా అరిచి, తమ గొంతులకు తామే ఆశ్చర్యపోయి కిలకిల నవ్వారు. దుకాణంవాడు చిల్లర ఇస్తూ చెయ్యి పట్టుకుంటే? బడి దారిలో ఎవడో పాట పాడుతూ వెంటబడితే? ఒక్కొక్కదానికి పిల్లలు లేచి జవాబు చెబుతున్నారు. గట్టిగా వద్దనడం... అక్కడి నుంచి నలుగురున్న చోటికి వచ్చేయడం... నమ్మకమున్న పెద్ద మనిషికి చెప్పడం. జమ్ములమ్మకు కూడా ఇందులో తప్పేమీ కనిపించలేదు. పరాయివాళ్ళ సంగతే కదా!

అప్పుడు ముందు వరసలో జడగంటల పిల్ల ఒకతి లేచింది. "టీచర్... మామలు, బావలు అయితె ఏం గాదు గదా? వాళ్ళు సరసమాడొచ్చు గదా?"

గదంతా ఘొల్లున నవ్వింది. అలవాటు కొద్దీ జమ్ములమ్మ కూడా నవ్వబోయింది... అంతలో కూతురి మీద పడింది చూపు. అంతమందిలో అర్చన ఒక్కతే నవ్వడం లేదు! బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళు తెల్లబడిపోయాయి. మెడ మీద చెమట... అది సిగ్గు కాదు. కాదమ్మా కాదు! పాముపుట్ట పక్కన నిలబడ్డ మనిషికి పట్టే చెమట అది.

టీచర్ నవ్వు ఆగేదాకా ఆగింది. "సరసం అంటె ఇద్దరు నవ్వాలె. ఒక్కరే నవ్వుతుంటె అది సరసం కాదు. ఎదుటోళ్ళు వద్దన్నంక గూడ ఇడ్వకపోతె, అది వేధించుడు. చేసేటోడు మామ గానీ, బావ గానీ, సారు గానీ, దానికి వేరే పేరు లేదు. చేసినోనిది తప్పు. మీది కాదు. యాద్పెట్టుకోండ్రి... మీది కాదు."

వెనక బల్ల మీద నుంచి జమ్ములమ్మ కూతురి చెంప వైపు చూసింది. నిన్న సాయంత్రం తను కొట్టింది ఆ చెంప మీదే... ఇంకా కొద్దిగా ఎర్రగానే ఉంది.

గంట కొట్టగానే అర్చన తల్లి దగ్గరకు వచ్చింది. ఆ క్షణాన బిడ్డ ముఖంలోకి చూసే ధైర్యం లేక జమ్ములమ్మ చూపు తిప్పుకుంది. "నువ్వు ఇంటికి పోయి పొయ్యి రాజెయ్యి బిడ్డా. వచ్చేటోళ్ళకు వంట గావాలె. నేను టీచర్‌తోని మాట్లాడి ఎంబడే వస్త." అర్చన ఇంటిదారి పట్టింది.

"నా బిడ్డ మీకేం చెప్పింది టీచరమ్మా? నాకు దాసకుండ్రి..." జమ్ములమ్మ అడిగింది.

"పేరు చెప్పలేదక్కా. ఇంట్ల చెప్తె కొడ్తరేమో టీచర్ అన్నది, గంతే. చెప్పిందా నీకు?"

జమ్ములమ్మ తలొంచుకుంది. "చెప్పింది. కొట్టిన."

గీత టీచర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది! "కొడ్తరని భయమున్నా చెప్పిందంటె నీ మీద నమ్మకం పోలేదన్నట్టు. ఇప్పుడన్న ఇను అక్కా. పోలీసుల కాడికి పోదామన్నా, ఇంకేం చేద్దామన్నా నీ ఎంబడి నేనొస్త" అంటూ ఉండగానే, కిటికీలోంచి మోటారుసైకిలు చప్పుడు వినబడింది. జమ్ములమ్మ తల తిప్పింది. నరేందర్! వెనక సీటు ఖాళీ. తల్లి బాలమ్మ లేదు. బస్సులో వెనక వస్తోందన్నమాట. ఒక్కడే... తిన్నగా ఇంటివైపు...

ఇంటివైపు! అక్కడ అర్చన ఒక్కతే! పంపింది ఎవరు? తనే!

జమ్ములమ్మ పరుగు తీసింది. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. పల్లిచేల మధ్య బాటలో ముళ్ళు దిగుతున్నా తెలియలేదు. ఎదురొచ్చిన వాళ్ళు "ఏమైందే?" అంటున్నా ఆగలేదు. ఎప్పుడూ ఇంత దగ్గరగా అనిపించే ఇల్లు ఇవాళ ఎంత పరుగెత్తినా రాదేమిటి! 'నా తల్లీ, జమ్ములమ్మ తల్లీ... నీ పేరు వెట్టుకున్నదాన్ని... నా బిడ్డను సూడు, నా బిడ్డను సూడు...' అదే మాట, అదే మాట.

సందు మొదట్లోనే వినబడింది. "వద్దు! వద్దు మామా! వద్దు!"

పక్కింటి యాదమ్మ చేట పట్టుకొని వీళ్ళ గడప బయటే నిలబడి ఉంది. లోపలికి పోవాలా వద్దా తెలియక, ముఖం మీద ఓ అతికించిన నవ్వుతో... "మామకోడండ్లు గదా, నేనెందుకు నడుమ అని..." అని గొణిగింది. చూశారా! వీధంతా వినబడేలా పిల్ల అరిచినా, లోపలికి అడుగుపెట్టడానికి వరస అడ్డం వచ్చింది! జమ్ములమ్మ ఆమెను తోసుకుంటూ తలుపు నెట్టింది.

అర్చన ధాన్యపు గుమ్మి మూలకు నక్కి ఉంది. మణికట్టు నరేందర్ పిడికిట్లో ఉంది. కింద పగిలిన గాజుముక్కలు. పిల్ల చేతి మీద సన్నటి నెత్తుటి చార.

"ఏందక్కా, గట్ల ఉరుక్కుంట వచ్చినవ్? కొత్త గాజులు తెచ్చిన, తొడుగుత అంటె నీ బిడ్డ లొల్లి లొల్లి చేస్తుంది! బాగ పొగరెక్కింది!" అని నరేందర్ నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే. చిన్నప్పుడు తన చంక దిగని తమ్ముడి నవ్వే!

జమ్ములమ్మ వాణ్ణి చూడలేదు. బిడ్డను చూసింది. నిన్న చూడనిదంతా చూసింది. నవ్వుతున్నది ఒక్కడే.

"చెయ్యి ఇడువు."

"అరే, సరసానికే అక్కా..."

"ఇడువంటున్న!"

ఆ గొంతుకు నరేందర్ ఉలిక్కిపడి చెయ్యి వదిలాడు. జమ్ములమ్మ కూతుర్ని కొంగులో దాచుకొని వంటింట్లోకి తీసుకుపోయింది. యాదమ్మను పిలిచి, "దీని పక్కనుంచి కదలకు వదినా, నీ కాల్మొక్త" అంది. ఏం చేయాలి? కేకలు వేస్తే ఊరంతా కూడుతుంది. వేయకపోతే...? ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని తన తల్లి చెప్పే మాట చెవుల్లో మోగుతోంది. దశరథం దగ్గర లేడు. ఉన్నా ఏమంటాడో తెలియదు. తండ్రి లేడు. తల్లిగారిల్లంటే తనకు మిగిలింది ఈ ఒక్క తమ్ముడే!

*

బాలమ్మ బస్సు దిగి, పసుపు కలిపిన బియ్యం మూట, కొత్త చీర పట్టుకొని వచ్చేసరికి వాడకట్టు ముత్తైదువలు కూడుతున్నారు. జమ్ములమ్మ తల్లిని దొడ్లోకి తీసుకుపోయి, ఏడుస్తూ, తడబడుతూ అంతా చెప్పింది. బాలమ్మ ముఖం నల్లబడింది. కానీ ఆమె అన్న మాట జమ్ములమ్మ గుండెలో దిగబడింది.

"కడుపు చించుకుంటె కాళ్ళ మీద పడ్తది బిడ్డా. వాడు నీ తోడబుట్టినోడు. అందరొచ్చిండ్రు... పోయి పీట మీద కూసో. తర్వాత నేను మందలిస్త."

"పిల్లను మీ ఇంటికి తోల్కపోతనంటవా అవ్వా?"

"తోల్కపోతె ఏమైతది? నేను లేనా ఇంట్ల?"

దసరాకూ ఉంది కదా ఆమె, ఆ ఇంట్లో! కానీ జమ్ములమ్మ ఆ మాట అనలేకపోయింది. చిన్నప్పటి నుంచి తల్లి మాట జవదాటని మనిషి. కాళ్ళకు పసుపు రాశారు, కొత్త చీర కట్టించారు, పీట మీద కూర్చోబెట్టారు. విధవరాలైన బాలమ్మ దూరంగా గోడ దగ్గర కూర్చుంది. తండ్రి లేడు గనుక ఒడి నింపే హక్కు తమ్ముడిదే. బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు... జమ్ములమ్మ కొంగు పట్టింది. చేతులు ఆగకుండా వణుకుతుంటే ముత్తైదువలు "తల్లిగారి మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో!" అని మురిసిపోయారు.

నరేందర్ దోసిలి నిండా బియ్యం తీసుకొని ముందుకు వంగాడు. వంగుతూ వంటింటి వైపు చూసి, అందరికీ వినబడేలా నవ్వుతూ అన్నాడు. "అక్కకు ఒడి నింపుడు, కోడల్ని బండెక్కించుకపోవుడు! ఇంక నా ఇంట్లనే ఉంటది గదా, పొగరంత దించుత!"

అందరూ నవ్వారు.

జమ్ములమ్మ కొంగు వదిలేసింది. బియ్యం జలజలా నేల మీద పడింది. ఆమె పీట మీద నుంచి లేచి నిలబడింది!

కెవ్వుమన్నారు ఆడవాళ్ళు. పీట మీద నుంచి సగంలో లేవడమా? పుట్టింటి ఒడిబియ్యం కింద పొయ్యడమా? అపచారం! తల్లిగారింటితో రుణం తెంచుకోవడమే! ఆ సంగతి అక్కడున్న అందరికంటే జమ్ములమ్మకే ఎక్కువ తెలుసు. తెలిసే లేచింది.

"వద్దు తమ్మీ. నీ బియ్యం నాకొద్దు. నా బిడ్డ నీ ఇంటికి రాదు."

"ఏమైందే నీకు? పిచ్చి లేసిందా?"

"ఇన్నేండ్ల సంది పిచ్చే ఉండె. నువ్వు నా బిడ్డను సతాయిస్తుంటె, అది గజ్జుమని వణుకుతుంటె, నవ్వవే అని నేనే అన్న. నిన్న వచ్చి చెప్తె కొట్టిన. ఇగ అనను. అది వద్దన్నది. నేను గూడ అంటున్న. వద్దు! నా గడప దిగు!"

నరేందర్ ముఖంలో నవ్వు పోయింది. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో అందరూ అప్పుడు చూశారు. "ఆ పోరి మాటలు పట్టుకొని నలుగురి నడుమ నా ఇజ్జత్ తీస్తవా? సూస్కో! దాని సంగతి ఊరూర చెప్త! దాన్నెవడు చేసుకుంటడో నేను గూడ చూస్త!" అంటూ బియ్యం పళ్ళెం తన్ని బయటికి నడిచాడు. బాలమ్మ గోడ పట్టుకొని లేచింది. కూతురి వైపు ఓసారి, వాకిట్లో బండి స్టార్టు చేస్తున్న కొడుకు వైపు ఓసారి చూసింది. "ఎంత పని చేస్తివి బిడ్డా..." అని ఏడుస్తూ వెళ్ళి కొడుకు వెనక కూర్చుంది.

*

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆ తల్లీకూతుళ్ళకే తెలుసు. పగలు కూడా తలుపుకు గడియే! ఏ మోటారుసైకిలు వినబడినా ఇద్దరికీ గుండె ఆగినంత పనయ్యేది. జమ్ములమ్మ బిడ్డను బడిలో దింపి చేనుకు పోయేది, బడి వదిలేసరికి గేటు దగ్గర నిలబడేది. నీళ్ళ టాంకీ దగ్గర మాటలు ఆగిపోయేవి. "తమ్ముని కాదనుకున్నది, రేపు మగదిక్కు లేకుంటె తెలుస్తది" అని ఒకరు, "నిప్పు లేంది పొగ వస్తదా, పిల్లదే ఏదో ఉంటది" అని ఇంకొకరు. యాదమ్మ మాత్రం సాయంత్రం కాగానే పని ఉన్నా లేకున్నా వచ్చి వాకిట్లో కూర్చునేది. ఆనాడు గడప దాటనందుకు ఆమె నోటితో ఏమీ అనలేదు.

అన్నిటికంటే పెద్ద భయం దశరథం. కిరాణా కొట్టు ముందున్న కాయిన్ బాక్సు నుంచి మేస్త్రీ నంబరుకు ఫోను చేసి, మొగుడు లైనులోకి రాగానే జమ్ములమ్మ కళ్ళు మూసుకొని అంతా చెప్పేసింది. అవతల చప్పుడు లేదు. రూపాయి బిళ్ళ మీద రూపాయి బిళ్ళ పడుతోంది, చప్పుడు లేదు... తిడతాడు. నువ్వు తల్లివేనా అంటాడు. లేదా పిల్లదే తప్పంటాడు...

"పిల్ల ఆన్నే ఉన్నదా? ఫోనియ్యి" అన్నాడు దశరథం.

అర్చన అందుకుంది. "నాయినా..."

"బిడ్డా... అన్నం తిన్నవా?"

అంతే అడగగలిగాడు ఆ మనిషి. తర్వాత వినబడింది ఏడుపే. అర్చన కూడా అప్పుడే మొదటిసారి ఏడ్చింది, ఆ కిరాణా కొట్టు ముందు, తల్లి భుజం మీద తలవాల్చి, వెక్కి వెక్కి. మీ అమ్మను ఎక్కడికీ పోవద్దని చెప్పు, నేనే వస్తానని చెప్పాడట.

దశరథం ఇంకా రాలేదు. ఒకనాడు పొద్దున ఆత్మకూరు బస్సు వచ్చి పోయిన కాసేపటికి గడప ముందు ఎవరో నిలబడ్డ నీడ పడింది. తలుపు సందులోంచి చూస్తే, బాలమ్మ! చేతిలో చిన్న బట్టల మూట. ఒక్కతే వచ్చింది.

"లోపటికి రానిస్తవా బిడ్డా?"

జమ్ములమ్మ తలుపు తీసింది. బాలమ్మ లోపలికి రాలేదు. గడప మీదే కూలబడింది.

"మా ఎదురింటి పిల్ల, ఏడో తరగతిది... మంచినీళ్ళకు మా ఇంటికి వచ్చింది. వీడు బిందెకు చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంటుండు. ఆ పిల్ల నవ్వింది. ఎన్నోసార్లు చూసిన నేను గట్ల. కాని నువ్వు పీట మీదికెల్లి లేసినంక, ఆ నవ్వు దిక్కు చూడబుద్ధి కాలే నాకు. చూస్తె... అది నవ్వు కాదు బిడ్డా. నేను గూడ ఒకప్పుడు గట్లనే నవ్వుతుంటి." ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. "మీ నాయిన నాకు మేనమామ. మీకు ఎరికే గదా. నేను ఎగిరి దుంకే ఈడుల, ఇంటికొచ్చి గట్లనే అడ్డం నిలవడుతుండె. నవ్వవే అంటుండె మా అవ్వ. నవ్విన. పెండ్లయినంక గూడ నవ్విన. వద్దనొచ్చని నాకెవలు చెప్పలే... చెప్తె మాత్రం ఇనేటోళ్ళు ఎవలుండె?"

అమ్మ ఎప్పుడూ నవ్వుతూ ఉండేదని ఊరంతా అనుకునేది... ఆ నవ్వు కింద ఇంత ఉందా! అర్చన వంటింట్లోంచి వచ్చి, అమ్మమ్మకు కొంచెం ఎడంగా నిలబడింది.

"వాన్ని అడిగిన. సరసమన్నడు. ఇంకోసారి ఆ పిల్ల జోలికి పోతె మంచిగుండదన్న. ముసలిదానివి మూలకు కూసో అన్నడు. నేనే గదా వాన్ని గట్ల పెంచింది..." బాలమ్మ కళ్ళు తుడుచుకొని లేచింది. "టీచరమ్మను పిలువు. పోలీసుల కాడికి పోదాం. ఇయ్యాల కాకపోతె ఇంక నాకు ధైర్యం రాదు."

"అవ్వా! వాడు నీ కొడుకు! రేపు నిన్నెవలు చూస్తరు?"

"తెల్వదు. నడువు."

గీత టీచర్ సెలవు చీటీ రాసి వాళ్ళ వెంట వచ్చింది. యాదమ్మ కూడా చేతిలో పని వదిలి బయలుదేరింది. ఐదుగురూ కలిసి ఠాణా మెట్లెక్కారు. లోపల ఒకటే కుర్చీ ఖాళీగా ఉంటే అందులో అర్చనను కూర్చోబెట్టారు. అర్చన మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ, ఒక్క మాటా మింగకుండా చెప్పింది. ఎవరూ తొందర పెట్టలేదు.

రాసుకుంటున్న జమాదారు తలెత్తి, గోడకు ఆనుకొని నిలబడ్డ ముసలామె వైపు చూశాడు. "నువ్వెవరవ్వా?"

"సాక్ష్యం చెప్తందుకు వచ్చిన సారూ."

"అది సరే. ఆ నరేందర్‌కు నువ్వేమైతవు?"

"తల్లిని."

జమాదారు కలం ఆగింది. అందరి చూపులూ ఆమె మీదే. "తల్లివా! మరి ఎవరి దిక్కున వచ్చినవవ్వా?"

బాలమ్మ గోడను వదిలి ముందుకు వచ్చింది.

"పిల్ల దిక్కున" అంది.

అర్చన లేచి, అమ్మమ్మ చెయ్యి పట్టుకొని తన కుర్చీలో కూర్చోబెట్టింది.